సెకండ్ హ్యాండ్ మహీంద్రా ఎక్స్‌యూవీ500 కొనాలా? వద్దా?.. ధర కన్నా ముందు ఈ లెక్క వేసుకోండి

ఏడుగురు కూర్చునే డీజిల్ ఎస్‌యూవీ. ఆరు ఎయిర్‌బ్యాగులు, సన్‌రూఫ్. కొత్తగా కొంటే ఆన్‌రోడ్ ధర లక్షలకు లక్షలు. అదే సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు ధరకే దొరుకుతోంది. అందుకే అమ్మానాన్న, పిల్లలతో తిరుపతికో, శ్రీశైలానికో ఒకే బండిలో వెళ్లాలనుకునే ఫ్యామిలీల కన్ను మహీంద్రా ఎక్స్‌యూవీ500పై పడుతోంది. అయితే ఈ బండి తయారీ 2021లోనే ఆగిపోయింది. మార్కెట్లో ఉన్నవన్నీ పాతవే. మరి కొనొచ్చా? కొంటే ఏ మోడల్ కొనాలి? ఏ బండిని చూడగానే వెనక్కి తిరిగి వచ్చేయాలి? పూర్తి వివరాలు ఇవీ..

అసలు ఈ బండి కథేంటి?

మహీంద్రా 2011 సెప్టెంబర్‌లో ఎక్స్‌యూవీ500ను లాంచ్ చేసింది. చీతా స్ఫూర్తితో డిజైన్ చేశామని కంపెనీ చెప్పుకుంది. అప్పట్లో ప్రారంభ ధర ఢిల్లీ ఎక్స్ షోరూమ్ 10.8 లక్షల రూపాయలు. బుకింగ్‌లు పోటెత్తడంతో కొన్నాళ్లు తీసుకోవడమే ఆపేయాల్సి వచ్చింది.

ఇందులో 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ ఇంజిన్ ఉంటుంది. మొదట్లో పవర్ 140 బీహెచ్‌పీ, టార్క్ 330 ఎన్ఎం. 2015 మేలో ఫేస్‌లిఫ్ట్ వచ్చింది. టాప్ మోడల్ డబ్ల్యూ10కు సన్‌రూఫ్ ఇచ్చారు. అదే ఏడాది నవంబర్‌లో ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. 2018 ఏప్రిల్ ఫేస్‌లిఫ్ట్‌తో పవర్ 155, టార్క్ 360కి పెరిగాయి. 2020లో బీఎస్6 వెర్షన్ వచ్చింది. 2021లో ఎక్స్‌యూవీ700 రావడంతో దీని ప్రయాణం ముగిసింది.

అంటే 'ఎక్స్‌యూవీ500 అమ్మబడును' అని ప్రకటన కనిపిస్తే అది ఒకటే బండి కాదు. 2012 బండి, 2019 బండి పేరుకు ఒక్కటే. వయసులో, ఫీచర్లలో, మిగిలిన ఆయుష్షులో చాలా తేడా ఉంటుంది.

కొనేది బండిని కాదు.. మిగిలిన ఏళ్లను

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. 'మూడు లక్షలకే వస్తోంది కదా' అని ధర చూసి టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కానీ ప్రైవేట్ కారు ఆర్సీకి గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్ చేయించి, ఫీజు కట్టి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకు ఈ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచింది. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం.

ఒక ఉదాహరణ చూడండి. 2026 జూన్‌లో కొంటున్నారు అనుకుందాం. ఎదురుగా రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి 2013 జూన్‌లో రిజిస్టర్ అయింది, అడుగుతున్నది 3.20 లక్షలు. రెండోది 2018 జూన్‌ది, అడుగుతున్నది 7 లక్షలు. ఇవి లెక్క కోసం అనుకున్న ధరలే. ఊరిని బట్టి, బండిని బట్టి మారతాయి.

మొదటి బండికి ఆర్సీ గడువు ఇంకా రెండేళ్లే. ఏడాదికి 1.60 లక్షలు పడుతుంది. రెండో బండికి ఏడేళ్లు ఉంది. ఏడాదికి లక్ష. ధర తక్కువున్న బండే ఏడాది లెక్కలో ఎక్కువ పడుతోంది! పైగా 13 ఏళ్ల బండికి రిపేర్లూ ఎక్కువే. తిరిగి అమ్మాలన్నా కొనేవాళ్లు తక్కువ.

రెన్యువల్ చేయిస్తే మరో ఐదేళ్లు వస్తాయి కదా అని అమ్మేవాళ్లు అంటారు. నిజమే. కానీ ఫిట్‌నెస్ చూసి ఇచ్చేది కాబట్టి గ్యారంటీ కాదు. రెన్యువల్‌ను బోనస్‌గా చూడాలి తప్ప, దాన్ని నమ్ముకుని ధర కట్టకూడదు.

ఇంకో లెక్క కూడా ఉంది. కొన్న రోజు పెట్టే డబ్బే చివరిది కాదు. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, ఆయిల్ సర్వీస్.. వీటిలో ఏవి వెంటనే మార్చాలో మెకానిక్‌తో రాయించుకుని ఆ మొత్తాన్ని ధరకు కలపాలి. అప్పుడే ఏడాది లెక్క సరిగ్గా వస్తుంది.

ఢిల్లీ బండి చవకగా వస్తే?

హైదరాబాద్, విజయవాడ మార్కెట్లలో ఢిల్లీ బండ్లు కొంచెం తక్కువ ధరకు కనిపిస్తుంటాయి. కారణం ఉంది. ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదన్న ఆదేశాలను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. ఆ తర్వాత అమలులో మార్పులు వస్తూ ఉన్నా, పాత డీజిల్ బండి అక్కడ ఓనర్లకు భారంగా మారింది. దాంతో అవి వేరే రాష్ట్రాలకు వస్తున్నాయి. తెలంగాణ, ఏపీలో అలాంటి పదేళ్ల నిషేధం లేదు.

అయితే ఇక్కడే మెలిక. ఆ బండిని ఇక్కడ మీ పేరు మీదకు మార్చాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ కావాలి. అది ఫామ్ 28తో వస్తుంది. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇది చిన్న మొత్తం కాదు. కాబట్టి ట్యాక్స్ ఎంత అవుతుందో ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కుని, అది ధరలో కలిపి చూడాలి. 'ఎన్‌ఓసీ వారంలో తెప్పిస్తా, ముందు డబ్బులివ్వండి' అంటే ఆగిపోవాలి. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

బండి ఢిల్లీదా కాదా తెలుసుకోవడానికి ఎక్స్‌యూవీ500లో ఒక చిన్న గుర్తుంది. 2015 డిసెంబర్‌లో ఎన్‌సీఆర్‌లో 2000 సీసీ పైబడిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను సుప్రీంకోర్టు ఆపేసింది. దాంతో మహీంద్రా ఢిల్లీ కోసం 1.99 లీటర్ల ఇంజిన్ తెచ్చింది. 2016 ఆగస్టులో ఆ నిషేధం పోయింది. కాబట్టి 2016 మోడల్ ఆర్సీలో ఇంజిన్ కెపాసిటీ 2000 సీసీ లోపు కనిపిస్తే, ఆ బండి మొదట ఎన్‌సీఆర్‌లో అమ్ముడైందేమో అని అడగాలి. మామూలు డీజిల్ బండికి ఆర్సీలో 2179 సీసీ ఉంటుంది.

నంబర్ ప్లేట్ కూడా కొంత చెబుతుంది. 2014కు ముందు హైదరాబాద్‌లో కొన్న బండ్లకు ఏపీ 09, ఏపీ 13 లాంటి నంబర్లు ఉంటాయి. ఆ తర్వాత టీఎస్ వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ ఇస్తున్నారు. పాత టీఎస్ నంబర్లు చెల్లుతాయి. ఏపీలో 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ మొదలైంది. కాబట్టి 2013 మోడల్‌కు టీజీ నంబర్ ఉంటే, అది వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ నంబర్ మార్చుకున్నదేమో చూసుకోవాలి. తప్పేం కాదు, కానీ అమ్మేవాళ్లు ముందే చెప్పాలి.

ఏ వేరియంట్ తీసుకోవాలి?

ఫ్యామిలీ కోసం కొనేటప్పుడు స్క్రీన్ సైజు కన్నా ఎయిర్‌బ్యాగుల సంఖ్య ముఖ్యం. కింది వేరియంట్లలో ముందు సీట్లకు రెండే ఉంటాయి. డబ్ల్యూ8, డబ్ల్యూ10 లాంటి పై వేరియంట్లలో ఆరు. ఆస్ట్రేలియా సేఫ్టీ సంస్థ ఏఎన్‌క్యాప్ 2012లో ఎక్స్‌యూవీ500కు నాలుగు స్టార్లు ఇచ్చింది. అయితే అది అక్కడ అమ్మిన, ఆరు ఎయిర్‌బ్యాగులున్న బండికి. ఆ రేటింగ్‌ను రెండు ఎయిర్‌బ్యాగుల బండికి అన్వయించుకోకూడదు.

ఆల్ వీల్ డ్రైవ్ వెర్షన్ కూడా ఉంది. మామూలు ఫ్యామిలీ ప్రయాణాలకు అది అవసరం లేదు. వెనుక చక్రాలకు పవర్ పంపే భాగాలు అదనం కాబట్టి మెయింటెనెన్స్ కూడా అదనమే. రోజూ సిటీ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకు ఆటోమేటిక్ హాయిగా ఉంటుంది. కానీ గేర్ మారేటప్పుడు కుదుపు ఉంటే ఆ బండి వద్దు. గేర్‌బాక్స్ రిపేర్ ఖరీదైన వ్యవహారం.

మొత్తమ్మీద బడ్జెట్ కుదిరితే 2018 ఏప్రిల్ తర్వాతి డీజిల్, ఆరు ఎయిర్‌బ్యాగుల వేరియంట్ మొదటి ఛాయిస్. కుదరకపోతే 2015 ఫేస్‌లిఫ్ట్ తర్వాతి బండి. అంతకన్నా పాతది తీసుకోవాలంటే సర్వీస్ రికార్డు మొత్తం ఉండి, ఫస్ట్ ఓనర్ అమ్ముతుంటేనే ఆలోచించాలి.

ఒక ముఖ్యమైన విషయం. బీఎస్4 బండ్ల రిజిస్ట్రేషన్ 2020 మార్చి 31తో ముగిసింది. ఆర్సీలో బీఎస్4 అని ఉండి, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ దాని తర్వాతది అయితే అనుమానించాల్సిందే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి

బండి చూడటానికి వెళ్లే ముందు అమ్మేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 'నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు' అని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే స్టార్టింగ్ ట్రబుల్ దాచేందుకు ముందే తిప్పి ఉంచారేమో అని అనుమానించాలి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే సైలెన్సర్ వైపు చూడాలి. నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోందని అర్థం. నల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఇంజెక్టర్లు, టర్బో వైపు సమస్య ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ లోపలికి వెళ్తోందేమో చూపించాలి. ఆయిల్ మూత తీసి చూస్తే కాఫీలాంటి నురగ ఉంటే బేరం అక్కడితో ఆపేయడం మంచిది.

మాన్యువల్ గేర్ బండికి క్లచ్ పరీక్ష తప్పనిసరి. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లపై ఏడుగురితో ఎక్కిన బండికి క్లచ్ త్వరగా అరుగుతుంది. ఖాళీ రోడ్డుపై తక్కువ స్పీడులో మూడో గేర్ వేసి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజిన్ సౌండ్ పెరిగి, బండి స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే.

స్పీడ్ బ్రేకర్లు, గుంతలున్న రోడ్డులో నడిపించండి. కింది నుంచి టక టక శబ్దం వస్తే సస్పెన్షన్ బుష్‌లు, లింక్‌లు పోయి ఉండొచ్చు. ఏసీ ఆన్ చేసి మూడో వరుసలో పది నిమిషాలు కూర్చోండి. మే నెల ఎండలో అక్కడ కూర్చునేది ఇంట్లో పిల్లలే. పవర్ విండోలు, వైపర్లు, స్క్రీన్, రివర్స్ కెమెరా, సెంట్రల్ లాక్.. ఒక్కోటి నొక్కి చూడాలి. ఈ బండిలో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. సన్‌రూఫ్ ఉంటే రూఫ్ లైనింగ్‌పై నీటి మరకలున్నాయా చూడాలి.

ఎయిర్‌బ్యాగ్ లైట్‌ను చాలామంది పట్టించుకోరు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే యాక్సిడెంట్‌లో పేలిన ఎయిర్‌బ్యాగులు మళ్లీ పెట్టించకుండా లైట్ తీసేసి ఉండొచ్చు. ప్రాణాలతో చెలగాటం అది.

యాక్సిడెంట్ బండి, వరద బండి.. ఎలా గుర్తించాలి?

స్కార్పియో, బొలెరోలకు కింద విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉంటుంది. ఎక్స్‌యూవీ500 అలా కాదు. బాడీ, ఫ్రేమ్ ఒక్కటే. మోనోకాక్ అంటారు. గట్టి యాక్సిడెంట్‌లో ఈ బాడీ వంకరపోతే మళ్లీ పూర్తిగా సరిచేయడం కష్టం. కాబట్టి బానెట్ కింద రెండు పక్కలా, డోర్ల మధ్య పిల్లర్ల దగ్గర, డిక్కీలో స్టెప్నీ ఉండే చోట వెల్డింగ్ గుర్తులున్నాయా చూడాలి. రబ్బర్ లైనింగ్ లాగి చూస్తే ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు ఒకే దూరంలో కనిపిస్తాయి. అవి లేకుండా పూత పూసినట్టు ఉంటే అక్కడ పని జరిగినట్టే. పైన పటారం, లోన లొటారం అన్న సామెత పాత కార్లకు సరిగ్గా సరిపోతుంది.

వరద సంగతి తెలుగు రాష్ట్రాల్లో మరింత ముఖ్యం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తిన విజయవాడ. రెండు చోట్లా ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగి, పాలిష్ చేస్తే బయటికి తెలియదు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి చూడండి. కింది భాగంలో బురద గీత ఉంటే మునిగిన బండే. సీట్ల కింద రైలింగ్‌కు తుప్పు, కార్పెట్ కింద మట్టి, ఏసీ వేయగానే ముక్క వాసన.. ఇవన్నీ గుర్తులే. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్ హిస్టరీ అడిగించండి. సముద్రతీర ఊళ్లలో తిరిగిన బండికి కింది భాగంలో తుప్పు ప్రత్యేకంగా చూడాలి.

మీటర్ రీడింగ్‌ను గుడ్డిగా నమ్మొద్దు. 60 వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న బండికి పెడల్ రబ్బర్లు అరిగిపోయి, స్టీరింగ్ నునుపు తేలి, డ్రైవర్ సీటు కుంగిపోయి ఉంటే లెక్క తేడా కొట్టినట్టే. మహీంద్రా సర్వీస్ సెంటర్‌లో నంబర్ ఇచ్చి సర్వీస్ హిస్టరీ చూడండి. ప్రతి సర్వీస్‌లోనూ కిలోమీటర్లు నమోదవుతాయి. టైర్ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. టైర్ల వయసు, మీటర్ రీడింగ్ పొంతన కుదరాలి.

ఇవన్నీ మీ వల్ల కాకపోతే నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. బండికి లక్షలు పెట్టి, మెకానిక్ ఫీజు దగ్గర వెనకాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే. అమ్మేవాళ్లు చూపించే మెకానిక్ మాత్రం వద్దు.

కాగితాలు.. ఇక్కడే అసలు రిస్క్

బండి నచ్చితే సగం పనే అయినట్టు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్ ఎన్నోవాళ్లు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అన్నవి చూడాలి. ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ ఫైన్లు చూడాలి. ఛాసిస్ నంబర్ బండి మీదది, ఆర్సీలోది అక్షరం అక్షరం సరిపోలాలి.

ఆర్సీలో ఉన్న పేరు, అమ్ముతున్న మనిషి ఒకరేనా? బ్రోకర్ చేతులు మారుతూ ట్రాన్స్‌ఫర్ కాకుండా వచ్చిన బండ్లు చాలానే ఉంటాయి. చట్టం దృష్టిలో ఆర్సీలో పేరున్న వాళ్లే ఓనర్. యాక్సిడెంట్ నష్టపరిహారం విషయంలో సుప్రీంకోర్టు 2018లో ఇదే స్పష్టం చేసింది. అందుకే సంతకం ఆర్సీ ఓనర్‌దే కావాలి. ఫామ్ 29, ఫామ్ 30పై మీ ముందే సంతకం చేయించుకోవాలి. లోన్ ఉన్న బండి అయితే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫామ్ 35 తప్పనిసరి.

ఇన్సూరెన్స్ మరో ఉచ్చు. బండి మీ పేరుకు మారాక 14 రోజుల్లో పాలసీ కూడా మార్చుకోవాలి. లేదంటే మీ బండికి జరిగిన డ్యామేజ్ క్లెయిమ్ ఆగిపోయే ప్రమాదముంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. అది మనిషికి వచ్చేది, బండికి కాదు.

డబ్బు బ్యాంక్ ద్వారానే పంపాలి. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా నిషేధం. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు సమయం కూడా రాయించుకోండి. ఆ గంటకు ముందు పడిన చలాన్, జరిగిన యాక్సిడెంట్ పాత ఓనర్ లెక్కే అని చూపించడానికి అదే ఆధారం.

నెల ఖర్చు ఎంత?

కంపెనీ లెక్కల్లో మైలేజ్ 15 దాటినా, సిటీలో సాధారణంగా 10 నుంచి 12 వస్తుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 12 వస్తే సుమారు 83 లీటర్లు కావాలి. డీజిల్ లీటరు 96 రూపాయలు వేసుకుంటే ఎనిమిది వేలు. దీనికి ఇన్సూరెన్స్, సర్వీస్ కలపాలి. లోన్ తీసుకుంటే పాత కారుకు వడ్డీ కొత్త కారు కన్నా ఎక్కువ ఉంటుంది. బండి పాతదయ్యే కొద్దీ ఈఎంఐ గడువు కూడా తగ్గుతుంది.

తయారీ ఆగిన బండి కాబట్టి స్పేర్ పార్ట్స్ సంగతీ ముందే చూడాలి. సర్వీస్ సామాన్లకు ఇబ్బంది తక్కువ. కానీ హెడ్‌ల్యాంప్, బంపర్, డోర్ లాంటివి ఈ మోడల్‌కే ప్రత్యేకం. మీ ఊళ్లోని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ఒక హెడ్‌ల్యాంప్ రేటు, ఎన్ని రోజుల్లో వస్తుందో అడిగితే పరిస్థితి అర్థమవుతుంది.

మూడో వరుస సీట్లు పెద్దవాళ్లకు ఇరుకే. ఏడుగురూ కూర్చుంటే వెనక సూట్‌కేస్‌లకు చోటు మిగలదు. పెళ్లికో, యాత్రకో ఏడాదికి రెండుసార్లే ఏడుగురు వెళ్లే ఇల్లయితే, ఆ రెండుసార్లు బండి అద్దెకు తీసుకుని రోజువారీకి చిన్న కారు ఉంచుకోవడమే లాభం.

ఫైనల్‌గా.. కొనాలా? వద్దా?

కొనొచ్చు. ఆర్సీ గడువు కనీసం ఐదేళ్లు మిగిలి ఉండాలి. ఆర్సీ ఓనరే అమ్ముతుండాలి. సర్వీస్ హిస్టరీ దొరకాలి. ఆరు ఎయిర్‌బ్యాగులుండాలి. రిపేర్లకు ధరలో కనీసం పది శాతం పక్కన పెట్టుకోగలగాలి. ఇంట్లో తరచూ ఐదుగురి కన్నా ఎక్కువమంది ప్రయాణించాలి.

వద్దు అనాల్సిన సందర్భాలు మరింత సింపుల్. ఎన్‌ఓసీ లేని వేరే రాష్ట్రం బండి, వెల్డింగ్ పడిన పిల్లర్లు, సీట్ బెల్ట్‌పై బురద గీత, వెలగని ఎయిర్‌బ్యాగ్ లైట్, ఆర్సీలో పేరు లేని అమ్మకందారు. వీటిలో ఒక్కటి కనిపించినా ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. 'ఈ రోజే చెప్పండి, సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది' అని తొందరపెడితే ఆ పార్టీకే వదిలేయండి. పాత ఎక్స్‌యూవీ500లు మార్కెట్లో ఇంకా ఉన్నాయి. ఈ బండి పోతే ఇంకో బండి దొరుకుతుంది.